గడువు లేని అప్పు

ఒక యుద్ధాన్ని ఎవరు మొదలుపెట్టారని అడిగితే మొదటి తుపాకీ ఎక్కడ పేలిందో చెప్పి ఊరుకోవడం మనకు అలవాటు. అమెరికా అంతర్యుద్ధానికి 1861 ఏప్రిల్ 12, ఫోర్ట్ సమ్టర్. తెలంగాణ సాయుధ పోరాటానికి 1946 జులై 4, కడవెండి. తారీఖుంది, ఊరుంది, ఇంకేం కావాలి? నాకు మాత్రం ఈ జవాబు ఎప్పుడూ సగంలో ఆగిపోయినట్టే ఉంటుంది. తుపాకీ పేలకముందు వందేళ్ళు అక్కడ ఏం జరుగుతోందన్నది ఆ తారీఖులో ఉండదు కదా. ఆ వందేళ్ళనీ శాంతి అనాలా? అంటే ఎవరికి శాంతి?

ఈ ప్రశ్న నా బుర్రలో పడడానికి సగం కారణం మేముంటున్న పేట. సిడ్నీకి వాయవ్యంగా, బ్లాక్‌టౌన్ కౌన్సిల్ కింద ఉండే ద పాండ్స్. పక్కనుంచి పారే సెకండ్ పాండ్స్ క్రీక్ వల్ల ఆ పేరు. ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడ ఇళ్ళే లేవు. ఇప్పుడు సాయంత్రం పూట చెరువు చుట్టూ నడిస్తే నాలుగడుగులకోసారి తెలుగు వినిపిస్తుంది. గుంటూరు, నల్గొండ, విశాఖ, కరీంనగర్ అన్ని యాసలూ. ఊరు కొత్తదే గానీ నేల కొత్తది కాదు. కారెక్కి కాసేపు పోతే విండ్సర్ రోడ్డు పక్కన కాసిల్‌బ్రూక్ శ్మశానవాటికలో ఒక స్మారకం కనిపిస్తుంది. మనవాళ్ళు చాలామంది దాని పక్కనుంచే రోజూ ఆఫీసులకి పోతూ ఉంటారు. అది వినెగర్ హిల్ పోరాటానికి గుర్తు.

1804 మార్చి 4 రాత్రి కాసిల్ హిల్ ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో పనిచేస్తున్న ఖైదీలు తిరగబడ్డారు. ఎక్కువమంది ఐర్లండ్ వాళ్ళు. ఆరేళ్ళ కిందట, 1798లో, తమ దేశంలో తెల్లదొరతనం మీద లేచి ఓడిపోయి ఓడలెక్కించబడ్డవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. మర్నాడు రౌజ్ హిల్ దాపున మేజర్ జార్జ్ జాన్‌స్టన్ ముప్పైమందికి తక్కువ సైనికులతో, మరికొందరు పౌరులతో వాళ్ళని అందుకున్నాడు. మాట్లాడదాం రమ్మని పిలిచాడు. నాయకుడు ఫిలిప్ కనింగ్‌హమ్ వచ్చి, చావో స్వేచ్ఛో కావాలని, ఇంటికి పోవడానికి ఒక ఓడ కావాలని అడిగాడట. సంధి మాటల కోసం వచ్చినవాణ్ణి పిస్తోలు పెట్టి పట్టుకున్నారు. వెంటనే కాల్పులు. అక్కడికక్కడే పదిహేను మంది పోయారు, తరవాత తొమ్మిదిమందిని ఉరితీశారు, మరికొందరికి కొరడా దెబ్బలు పడ్డాయి. ఒక్క రోజులో కథ ముగిసింది.

ఇంటికి పోవడానికి ఓడ అడిగిన మనిషి గురించి చదివినప్పుడు వలసవాళ్ళకి గొంతులో ఏదో అడ్డం పడుతుంది, సరే. నన్ను ఎక్కువగా పట్టుకున్నది వేరే సంగతి. ఇంత కష్టం, ఇంత కొరడా ఉన్న దేశం ఆ తరవాతైనా ఖైదీల మూలంగా రెండుగా చీలిపోలేదెందుకు? సైన్యం బలంగా ఉంది కాబట్టి అని ఒక జవాబు. అది కొంతే. ఖైదీ శిక్షకు ఏడేళ్ళనో పద్నాలుగేళ్ళనో ఒక గడువుంది. యావజ్జీవం పడ్డవాడికి కూడా క్షమాభిక్ష అనే కిటికీ ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఖైదీకి పుట్టిన బిడ్డ ఖైదీ కాదు. నిన్నటి ఖైదీ రేపు ముప్పై ఎకరాల రైతు కావచ్చు. (ఆ ఎకరాలు ఎవరివి అంటే ధారుగ్ ప్రజలవి. ఆ అన్యాయానికి గడువు ఎవరూ రాయలేదు. ఇక్కడ ఆదివాసుల పిల్లల్ని తీసుకొచ్చి పెట్టిన బడి మూలంగానే మా బ్లాక్‌టౌన్‌కు ఆ పేరొచ్చింది. అది వేరే వ్యాసం.)

గడువు ఉన్న బాధని మనిషి పళ్ళబిగువున దాటుతాడు. గడువు లేనిది, పైగా పిల్లలకు సంక్రమించేది అయితే సంగతి మారుతుంది. బాధపడేవాడికే కాదు, బాధపెట్టేవాడికి కూడా. ఎందుకంటే గడువు లేనిదాన్ని కాపాడుకోవడానికి కూడా గడువుండదు.

అమెరికా కథలో నాకు కనిపించేది ఇదే. అక్కడ బానిసత్వం మీద రాజీలు తక్కువేం కాలేదు. 1787లోనే, రాజ్యాంగం రాసుకునేటప్పుడే, ప్రతినిధుల లెక్క కోసం బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా లెక్కకట్టారు. 1820లో మిస్సోరీ రాజీ: పటం మీద ఒక గీత గీసి, మిస్సోరీని మినహాయించి, ఆ గీతకు పైనున్న కొత్త భూభాగంలో బానిసలు ఉండకూడదన్నారు. 1836లో ప్రతినిధుల సభ ఇంకో అడుగు వేసింది. బానిసత్వం గురించి ఎవరు అర్జీ పెట్టినా చర్చించకుండా పక్కన పడెయ్యాలని నియమం చేసుకుంది. ఎనిమిదేళ్ళు అది నడిచింది. ఇంట్లో గొడవొస్తుందని ఆ మాటే ఎత్తొద్దనే పెద్దలు మనకీ తెలుసు. అయినా అర్జీలు ఆగలేదు, ఇంకా పెరిగాయి.

అంతవరకు ఉత్తరాది వాళ్ళలో ఎక్కువమంది ఇది మన గొడవ కాదనుకున్నారు. కాదనుకోవడమే కాదు, దక్షిణాది పత్తితో మిల్లులు నడుపుకున్నారు కూడా. 1850లో వచ్చిన పరారీ బానిసల చట్టం వాళ్ళకి ఆ సౌకర్యం లేకుండా చేసింది. పారిపోయి వచ్చినవాణ్ణి పట్టి అప్పగించడంలో మామూలు పౌరుడు కూడా సాయం పట్టాలి. కమీషనర్ విచారించి ఆ మనిషిని వెనక్కి పంపిస్తే పది డాలర్ల ఫీజు, వదిలేస్తే అయిదు డాలర్లు. వెనక్కి పంపితే కాగితాల పని ఎక్కువ కాబట్టి అని సమర్థించుకున్నారు. సమర్థన ఎలా ఉన్నా ధర్మానికి సగం జీతం పెట్టిన చట్టం అది. 1854లో ఆంథొనీ బర్న్స్ అనే ఒక్క మనిషిని బోస్టన్ నుంచి వర్జీనియాకు తిప్పిపంపడానికి వీధుల్లో సైన్యాన్ని నిలబెట్టాల్సి వచ్చింది. ఆ వీధి అరుగుల మీద నిలబడి చూసినవాళ్ళలో అంతకుముందు రోజు వరకు రాజీ మంచిదే అనుకున్నవాళ్ళు ఎంతమందో.

అదే ఏడు కాన్సస్-నెబ్రాస్కా చట్టం పాత గీతను చెరిపేసింది. కాన్సస్‌లో ఇరుపక్షాల వాళ్ళూ తుపాకులతో తలపడ్డారు. 1856లో ఒక సభ్యుడు సెనేట్ లోపలే చార్ల్స్ సమ్నర్‌ను చేతికర్రతో చావబాదాడు. 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పులో సుప్రీంకోర్టు నల్లవారు దేశపౌరులు కాలేరని చెప్పేసింది. 1859లో జాన్ బ్రౌన్, 1860లో లింకన్ ఎన్నిక, తక్కినది తెలిసిందే. ఒక్క ముక్క మాత్రం చాలామందికి తెలియదు. 1861 మొదట్లో, కొన్ని రాష్ట్రాలు విడిపోయాక కూడా, కాంగ్రెస్ ఒక రాజ్యాంగ సవరణను మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆమోదించింది. రాష్ట్రాల్లో ఉన్న బానిసత్వం జోలికి కేంద్రం ఎప్పటికీ పోకూడదని. ఎప్పటికీ! చివరి నిమిషంలో కూడా శాంతి కోసం ఇవ్వజూపింది మరో గడువులేని హామీ. దక్షిణాదికి అదీ చాలలేదు. వాళ్ళకి కొత్త భూములు కావాలి. తమ కొత్త ప్రభుత్వానికి పునాదిరాయి జాతుల అసమానతే అని వాళ్ళ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో సభ పెట్టి మరీ చెప్పాడు. అది రాష్ట్రాల హక్కుల కోసం జరిగిన యుద్ధమని తరవాత రాసుకున్నవాళ్ళు ఆయన్ని అడిగి ఉండాల్సింది.

నాలుగేళ్ళలో ఆరు లక్షలమందికి పైగా చచ్చిపోయారు. దాదాపు నలభై లక్షల మంది విడుదలయ్యారు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి తూచడం నాకు చేతకాదు. తూచేవాళ్ళని చూస్తే భయం కూడా.

ఇంతకీ ఆ యుద్ధానికీ ఇక్కడికీ ఒక చుట్టరికం ఉంది. అమెరికా పత్తి రావడం ఆగిపోయి ధరలు ఆకాశానికి వెళితే, సిడ్నీ వ్యాపారి రాబర్ట్ టౌన్స్ క్వీన్స్‌లాండ్‌లో పత్తి వేయించాడు. కూలీల కోసం 1863లో డాన్ జువాన్ అనే ఓడలో 67 మంది పసిఫిక్ ద్వీపవాసుల్ని దింపాడు. ఆ తరవాత నలభై ఏళ్ళపాటు చెరకుతోటలకి వేలమందిని తెచ్చారు, కొందర్ని ఒప్పించి, కొందర్ని ఎత్తుకొచ్చి. ఒకచోట సంకెళ్ళు తెంచడానికి నెత్తురు పారుతుంటే, ఆ కొరతని లాభం చేసుకుని ఇంకోచోట కొత్త కట్టుబాటుకి ముడివేశారు. టౌన్స్‌విల్‌కు విహారానికి వెళ్ళి ఫోటోలు దిగినప్పుడు ఆ పేరు ఎవరిదో నాకు తెలియదు.

ఇక మన ఇంటి సంగతి.

మా మామగారిది పాత కరీంనగర్ జిల్లా, పటేళ్ళ కుటుంబం. ఆరునెలలు మా దగ్గర, ఆరునెలలు అక్కడ. (ఈ వ్యాసం ఆయన చదివిన తరవాతే పంపిస్తున్నాను. ఒకచోట వాదించారు, కొట్టెయ్యమని మాత్రం అనలేదు.) ద పాండ్స్ చెరువు దగ్గర ఆయనకో నేస్తం దొరికారు, పక్క తాలూకా ఆయనే, కూతురి దగ్గరికి వచ్చారు. ఇద్దరికీ డెబ్భై దాటాయి. రోజూ కలిసే నడుస్తారు. ఆయన మామగారిని "పటేలా" అంటారు, "మీరు" అంటారు. మామగారు ఆయన్ని "నువ్వు" అంటారు. వాళ్ళకి అందులో వింతేమీ కనిపించలేదు. శనివారం తెలుగు బడికి పోయి మీరు-నువ్వు తేడా కష్టపడి నేర్చుకుంటున్న మా అమ్మాయికి కనిపించింది. "తాతయ్యా, ఆ తాతయ్య కూడా పెద్దాయనే కదా, నువ్వు ఎందుకంటావు?" అని అడిగింది. మామగారు నవ్వేసి ఊరుకున్నారు.

ఒకరోజు నేనూ వాళ్ళతో నడుస్తుంటే మాట పాతరోజుల మీదికి పోయింది. "మా ఊళ్ళె ఏ లొల్లీ లేకుండె. సంఘాలు వచ్చినంకనే లొల్లి మొదలైంది" అన్నారు మామగారు. ఆయన నేస్తం కొంచెం దూరం నడిచాక అన్నారు: "లొల్లి లేకుండె, నిజమే పటేలా. మా అవ్వ తెల్లారకముందే గడిల వడ్లు దంచ పోయేది. నేను ఆకలికి ఏడిస్తె, లొల్లి చెయ్యకు బిడ్డా, దొర లేస్తడు అనేది."

ఆయన చెప్పింది 1950లు, 60ల నాటి సంగతి. దానికి ముందు రోజులు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు. హైదరాబాద్ సంస్థానంలో పదింట నాలుగు వంతుల భూమి జాగీర్లలో, నిజాం సొంత ఖాతాలో ఉండేది. మిగిలిన దివానీ ఇలాకాలో దేశముఖులు. విసునూరు దేశముఖ్ రామచంద్రారెడ్డికి నలభై వేల ఎకరాలు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు అని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. వెట్టి అంటే ఒక కులం చేసే పని కాదు, ఊరు మొత్తం గడికి చేసే పని. చాకలి, మంగలి, కుమ్మరి, గౌడ, సాలె, మాదిగ, మాల, ఎవరి వంతు వాళ్ళది. కోమటి కూడా సరుకు ఊరికే ఇచ్చుకోవాలి. దొర బిడ్డకి పెళ్ళయితే ఆమె వెంట అత్తారింటికి ఆడబాపగా ఒక పిల్లని పంపేవారు. ఆ పిల్లకి తిరిగి రావడానికి తేదీ లేదు. అప్పు తీసుకుని భాగేలాగా కుదిరినవాడికి అసలు తీరేది కాదు, కొడుకు అందుకునేవాడు. చట్టం ప్రకారం ఇది బానిసత్వం కాదు, వినండి. బ్రిటిష్ ఇండియాలో 1843లోనే బానిసత్వానికి చట్టం గుర్తింపు పోయింది. నిజాం సర్కారు కూడా వెట్టి కూడదని ఫర్మానాలు ఇచ్చింది. కాగితం మీద అంతా సవ్యం.

ఇక్కడ మాడపాటి హనుమంతరావుగారి వంటి మితవాదులకు దక్కవలసిన గౌరవం దక్కడం లేదని నా ఉద్దేశం. 1920ల్లో ఆంధ్రజన సంఘం, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభ, తుపాకీ పట్టలేదు. అర్జీలు రాశాయి, తీర్మానాలు చేశాయి. వెట్టి సర్కారు కూడా వద్దన్న పని అని పల్లెవాళ్ళకి చెప్పాయి. చూడ్డానికి చిన్న పని. కానీ ఇది నా ఖర్మ అనుకుంటున్నవాడికి ఇది నీకు జరుగుతున్న నేరం అని చెప్పడం కన్నా పెద్ద నిప్పు ఏముంది? 1944లో భువనగిరి సభ నాటికి రావి నారాయణరెడ్డి నాయకత్వంలో మహాసభ వామపక్షం చేతికి వచ్చింది, పాతవాళ్ళు విడిపోయారు. పల్లెల్లో జనం "సంఘం" అని పిలుచుకున్నది దాన్నే.

చట్టాన్ని నమ్ముకున్నవాళ్ళు లేరా అంటే ఉన్నారు. కామారెడ్డిగూడెం బందగీ భూమి తగాదాలో విసునూరు దొర అండ ఉన్న బంధువు మీద కోర్టుకెక్కాడు, గెలిచాడు. గెలిచాక దారికాచి చంపారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్న పొలంలో పంటని దొర మనుషులు ఎత్తుకుపోబోతే సంఘం వాళ్ళు కోసి ఆమె ఇల్లు చేర్చారు. ఆమె అడిగింది రాజ్యం కాదు, తను పండించిన గింజలు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుగా వస్తున్న జనం మీద గడి వైపు నుంచి కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య పడిపోయాడు. అందరూ చెప్పే తారీఖు ఇది.

మామగారు వాదించిన చోటు కూడా ఇదే. "బ్రిటిష్ వాళ్ళు 1833లో చట్టంతోనే బానిసత్వం తీసేశారు కద. యుద్ధం చేసిన్రా? ఇక్కడా ఓపిక పడితే అయ్యేది" అన్నారు. మంచి ప్రశ్నే. కాని బ్రిటన్ పార్లమెంటుకీ వెస్టిండీస్ తోటలకీ మధ్య ఒక సముద్రం ఉంది. బానిస యజమానులు ఆ సభలో కొందరే. తెలంగాణ పల్లెలో దొర వేరు, సర్కారు వేరు కాదు. పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ అందరూ గడి మనుషులు. వచ్చిన తహసీల్దారు భోజనం గడిలోనే. అర్జీ రాస్తే అది తిరిగి చేరేది ఎవరి మీద రాశారో ఆయన దగ్గరికే. ఓపిక పట్టమని చెప్పడానికి ఒక హక్కుండాలి. ఎన్నాళ్ళో చెప్పగలిగినవాడికే ఆ హక్కు. ఫలానా ఏడు దాకా ఓర్చుకోండి, ఆ తరవాత మీ పిల్లలు గడికి పోనక్కర్లేదు అని ఏ దొరైనా, ఏ తాలూక్‌దారైనా రాసిచ్చాడా? ఇవ్వలేదు. అడిగినవాణ్ణి గొడవలమారి అన్నారు.

అలాగని ఆ తరవాత జరిగినదంతా న్యాయమని నేను అనను. యుద్ధం బాకీ ఉన్నవాడి దగ్గరే వసూలు చెయ్యదు. రజాకార్ల దౌర్జన్యాలు సరే. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు జరిగిన పోలీసు చర్య వెనకాల సంస్థానంలో ముస్లింల ఊచకోత జరిగింది. ఇరవై ఏడు వేల నుంచి నలభై వేలమంది దాకా పోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. వాళ్ళలో జాగీర్దార్లు ఎందరు? మామూలు రైతులు, చేతిపనివాళ్ళు, దుకాణాలవాళ్ళు. 1951 అక్టోబరులో పోరాటం విరమించే దాకా చనిపోయిన కమ్యూనిస్టులు, రైతులు నాలుగు వేలమంది అని సుందరయ్య లెక్క. దొరలు మాత్రం సైన్యం వెనకాలే చాలాచోట్ల గడులకు తిరిగివచ్చారు. అమెరికాలోనూ 1877 తరవాత కేంద్ర సైన్యం పక్కకు తప్పుకోగానే పాత యజమానులే పాలుకి భూములిచ్చి, అప్పుల పద్దులు రాసి, నల్లవాళ్ళని మళ్ళీ కట్టేసుకున్నారు. అంటే యుద్ధం చేసినా పని పూర్తికాలేదు. అయితే ఇది యుద్ధం వద్దనడానికి సాక్ష్యమా, సగంలో వదిలెయ్యొద్దనడానికి సాక్ష్యమా? నేను రెండోదే అంటాను. మామగారు మొదటిది అంటారు. మా ఇంట్లో ఈ కేసు ఇంకా నడుస్తోంది.

మా ఇద్దరికీ ఒప్పుదల కుదిరిన విషయం ఒకటుంది, పరిహారం. 1833 చట్టం కింద బ్రిటన్ రెండు కోట్ల పౌండ్లు పంచింది, యజమానులకి. 1862లో వాషింగ్టన్ నగరంలో బానిసల్ని విడిపించినప్పుడు మనిషికి 300 డాలర్ల దాకా ఇచ్చారు, అదీ యజమానికే. 1949లో జాగీర్లు రద్దయితే జాగీర్దార్లకి ఏళ్ళ తరబడి చెల్లింపులు జరిగాయి. లాక్కున్నవాడికి నష్టమేమిటో దఫ్తర్లో రాసి ఉంటుంది కాబట్టి లెక్క కట్టడం సులువు. చేసినవాడి పనికి పద్దే రాయలేదు.

ఒక్కచోట మాత్రం ఆ పద్దు కనపడింది. వెట్టి చాకిరీ రద్దు చేస్తూ 1976లో ఇందిరాగాంధీ ప్రభుత్వం తెచ్చిన చట్టంలో. వెట్టి చేయించుకున్నవాడికి మూడేళ్ళ దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. ఆ జరిమానాలోంచి, చేయించుకున్న రోజుకు అయిదు రూపాయల చొప్పున చేసినవాళ్ళకి ఇవ్వాలి. చట్టం వచ్చింది గానీ మామగారి నేస్తం వాళ్ళ ఊళ్ళో వెట్టి ఆగింది 1978లో, జగిత్యాల సభ జరిగిన ఏడు, రైతుకూలీ సంఘం పెట్టుకున్నాక. ఆయనకు ఈ అయిదు రూపాయల సంగతి చెప్పాను. జరిమానా మొత్తం వసూలైనా నాలుగు వందల రోజులకే సరిపోతుందన్నాను. ఆయన వేళ్ళ మీద లెక్కేసుకుని, "అంటే ఏడాది మీద నెల దినాలు" అన్నారు. వాళ్ళమ్మ గడికి పోయింది పాతికేళ్ళు.